విస్తరి - పొట్లం: తెలుగునాట తిరునాళ్ళ తిండి అంగళ్ళ చరిత్ర

వ్యాససంగ్రహం:

తెలుగు సమాజంలో అన్నం పెట్టడం పుణ్యం, అన్నం అమ్మడం చిన్నతనం. అన్నదాతల పేర్లు శాసనాలలోను, కావ్యాలలోను, జనస్మృతిలోను నిలిచాయి. తిండి అమ్మి బతికినవారి పేర్లు నిలవలేదు. అయినా ప్రతి తిరునాళ్ళలో, ప్రతి సంతలో తిండి అంగడి ఉంది. అన్నవిక్రయాన్ని తప్పుగా భావించిన సమాజంలో ఈ అంగడి ఎలా నిలదొక్కుకొన్నది, అది ఏయే పదార్థాలను ఎంచుకొన్నది, ఎందుకు ఎంచుకొన్నది అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కూర్చోబెట్టి వడ్డించే 'విస్తరి', చేతికిచ్చి పంపే 'పొట్లం' అనే రెండు పద్ధతులుగా అమ్మకపు తిండిని విభజించి, తిరునాళ్ళ అంగడి పొట్లాన్ని ఆశ్రయించడానికి రుచితోపాటు కులనియమం కూడ ప్రధాన కారణమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తిరునాళ్ళు, అన్నవిక్రయం, పూటకూళ్ళ ఇల్లు, ఫలహారం, పంక్తి, ఆశీలు, వీధి విక్రేతలు.

1. ఉపోద్ఘాతం:

తెలుగునాట ఊరుమ్మడి ఉత్సవానికి ఒక్కొక్క ప్రాంతంలో ఒక్కొక్క పేరు ఉంది. గుంటూరు, కృష్ణా ప్రాంతాలలో తిరునాళ్ళు, గోదావరి జిల్లాలలోను ఉత్తరాంధ్రలోను తీర్థం, తెలంగాణలో జాతర, రాయలసీమలో పరస. దర్గాల దగ్గర జరిగేది ఉర్సు. పేరు ఏదైనా స్వరూపం ఒకటే. దైవదర్శనం ఒకవైపు, అంగళ్ళ వరుస మరొకవైపు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబం బొరుగుల పొట్లమో, జీళ్ళ పొట్లమో, ఖర్జూరమో కొనకుండా ఇంటికి తిరిగి వెళ్ళదు.

తిరునాళ్ళ గురించి వచ్చిన రచనలలో దేవత, స్థలపురాణం, ప్రభలు, కోలాటాలు, జానపద కళారూపాలు ప్రముఖంగా కనిపిస్తాయి. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రలోని పర్వతప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్ళే యాత్రికులను, వారి ఆటపాటలను సవిస్తరంగా వర్ణించాడు. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో ప్రతి యుగంలోను జనం ఏమి తిన్నారో కావ్యాల ఆధారంగా చెప్పాడు. ఆ దారిలోనే మరొక అడుగు వేసి, తిన్నదానితోపాటు కొన్నదాన్ని కూడ పరిశీలించవలసి ఉంది. ఇంట్లో వండిన తిండి చరిత్ర వేరు, డబ్బిచ్చి కొన్న తిండి చరిత్ర వేరు. రెండవ దానిలో ఎవరు వండారు, ఎవరు కొన్నారు, ఎవరి చేతి తిండిని ఎవరు తినవచ్చు అనే ప్రశ్నలు తప్పనిసరిగా వస్తాయి.

2. రెండు ఇళ్ళు:

తెలుగు కావ్యాలలో పరాయివారికి అన్నం దొరికే రెండు ఇళ్ళు ప్రసిద్ధమైనవి. మొదటిది శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలోని విష్ణుచిత్తుని ఇల్లు. విల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు వచ్చిపోయే వైష్ణవులకు ఏ కాలానికి తగిన భోజనం ఆ కాలంలో పెడతాడు. వానకాలంలో వరి అన్నం, పప్పు, వేపిన కూరలు, వడియాలు. ఎండకాలంలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారులు, అంబలి, చెరకుపాలు, లేతకొబ్బరి నీళ్ళు, నీరుమజ్జిగ. చలికాలంలో మిరియాల పొడి వేసిన కూరలు, ఆవ పెట్టిన పచ్చళ్ళు, వేడి నెయ్యి. కథ తమిళదేశంలో జరిగినా వంట తెలుగువారిదే. ఆ ఇంట్లో ఎవరూ పైకం అడగరు.

రెండవది వినుకొండ వల్లభరాయని పేరుతో ప్రసిద్ధమైన క్రీడాభిరామంలోని పూటకూళ్ళ ఇల్లు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే మిత్రులు ఓరుగల్లు వీధులు తిరుగుతూ భోజనవేళకు లక్ష్మణవఝ్ఝల ఇంటి మాట తలుస్తారు. అక్కడ ఒక రూకకు సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరుకుతాయి. ధరతో సహా భోజనపు పట్టికను ఇంత నిర్దిష్టంగా చెప్పిన పద్యం ప్రాచీన సాహిత్యంలో అరుదు. కాకతీయుల ఓరుగల్లు వంటి నగరంలో పైకమిచ్చి భోజనం చేయడం వింతగాని, దాచుకోవలసిన విషయంగాని కాదని దీనివల్ల తెలుస్తున్నది.

ఈ రెండు ఇళ్ళనూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక తేడా స్పష్టమవుతుంది. విష్ణుచిత్తుడు కావ్యనాయకుడు, ఆయన వంటిల్లు భక్తికి నిదర్శనం. లక్ష్మణవఝ్ఝల ఇల్లు ఇద్దరు విటుల నగరవిహారంలో ఒక మజిలీ. అన్నం పెట్టిన ఇంటికి గౌరవం దక్కింది. అన్నం అమ్మిన ఇంటికి ప్రస్తావన మాత్రమే దక్కింది. తరువాతి శతాబ్దాలలోను ఈ విభజన కొనసాగింది.

3. అన్నవిక్రయం - ఫలహారం:

మనుస్మృతి పదవ అధ్యాయం ఆపత్కాలంలో వైశ్యవృత్తి చేపట్టిన బ్రాహ్మణ క్షత్రియులు అమ్మకూడని వస్తువులను పేర్కొంటూ, వాటిలో 'కృతాన్నాన్ని', అనగా వండిన అన్నాన్ని చేర్చింది. ధాన్యం అమ్మవచ్చు గాని వండిన తరువాత అమ్మరాదన్న భావన దీని వెనుక ఉంది. అదే స్మృతి ఐదవ అధ్యాయంలో నేతితోగాని నూనెతోగాని కూడిన పదార్థం నిలువ ఉన్నా తినదగినదేనని చెప్పింది. ఈ రెండు మాటలను కలిపి చదివితే తిరునాళ్ళ అంగడి తర్కం సగం బోధపడుతుంది. నీటితో ఉడికించిన అన్నానికి ఉన్న పట్టింపు నూనెలో వేగిన పిండివంటకు లేదు.

శాస్త్రం చెప్పినదానికన్న తెలుగు ఇంటి అలవాటు మరింత బలమైన సాక్ష్యం. మడి పాటించే ఇళ్ళలో అన్నం గిన్నెకు 'అంటు' ఉంది. అన్నం ముట్టిన చేయి కడుక్కోకుండా ఇంకొక పాత్ర ముట్టరాదు. అప్పడానికి, అరిసెకు, జంతికకు ఆ పట్టింపు అంతగా లేదు. ఇక్కడ నిషేధం బియ్యానికి కాక అన్నానికే పరిమితమని గమనించాలి. అరిసె బియ్యప్పిండితో చేసినదే, పూతరేకు బియ్యపు పాలతో తీసినదే. అవి మాత్రం 'అన్నం' కావు.

ఈ విభజనను భాషలో మోసిన మాట 'ఫలహారం'. ఫలాలను ఆహారంగా తీసుకోవడం అన్నది దీని మొదటి అర్థం. ఏకాదశినాడు, శనివారం రాత్రి అన్నం మానినవారు తినే ఉప్మాకు, రొట్టెకు, అట్టుకు ఆ పేరు వచ్చింది. ఆ విధంగా ఫలహారం అంటే 'అన్నం కానిది' అయింది. పట్టణాలలో అది టిఫిన్‌కు తెలుగు పర్యాయపదమై హోటళ్ళ బోర్డులకెక్కింది. తెలంగాణలో 'పలారం' దేవుని దగ్గర పంచిపెట్టే తీపి పదార్థమైంది. ఉపవాసం, అల్పాహారం, ప్రసాదం ఒకే మాటలో ఇమిడిపోవడానికి కారణం ఒకటే. ఈ మూడు సందర్భాలలోను పదార్థం అన్నం నియమాలకు వెలుపల ఉంది. అంగడివాడు అమ్మదగిన తిండి కూడ సరిగ్గా అక్కడే దొరికింది.

4. విస్తరి - పొట్లం:

దీనివల్ల అమ్మకపు తిండి రెండు పాయలుగా చీలింది. మొదటి పాయ విస్తరిది. పూటకూళ్ళ ఇంట్లో అన్నమే అమ్ముతారు. అందుకు వండేవారి కులం పైదై ఉండాలి, తినేవారెవరో తెలిసి ఉండాలి, ఎవరు ఏ పంక్తిలో కూర్చోవాలో నిర్ణయం కావాలి. 20వ శతాబ్దంలో తెలుగు పట్టణాలలో కనిపించిన 'బ్రాహ్మణ భోజన హోటల్' అన్న బోర్డు ఈ పాయకు కొనసాగింపే. వంటవాని కులమే అక్కడ సరుకుకు హామీపత్రం.

రెండవ పాయ పొట్లానిది. ఆకులోనో, తరువాతి కాలంలో కాగితంలోనో చుట్టి చేతికిచ్చే తిండికి పంక్తి అవసరం లేదు. కొన్నవాడు నిలబడి తినవచ్చు, నడుస్తూ తినవచ్చు, ఇంటికి పట్టుకుపోవచ్చు. వేలమంది అపరిచితులు ఒకచోట చేరే తిరునాళ్ళలో ఎవరి పక్కన ఎవరు కూర్చుంటారన్న ప్రశ్న లేకుండా చేయగలిగినది పొట్లం ఒక్కటే.

తిరునాళ్ళ సరుకుల జాబితాను ఈ దృష్టితో చూస్తే అందులోని క్రమం తెలుస్తుంది. మొదటి తరగతి పేలినవి, వేగినవి. కోస్తాలో మరమరాలు, రాయలసీమలో బొరుగులు, అన్నిచోట్ల పేలాలు, వేయించిన శనగలు. వేడి ఇసుకలో వేగి పొడిగా ఉండే ఈ పదార్థాలకు అంటు లేదు, పాడయ్యే భయం తక్కువ. బరువు తక్కువగా ఉండి గంప నిండుగా కనిపిస్తాయి. చిన్న పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టే స్త్రీకి ఇంతకన్న అనువైన సరుకు లేదు.

రెండవ తరగతి బెల్లపు పాకంతో కట్టినవి. బొరుగుల ఉండలు, నువ్వుల ఉండలు, పప్పుచెక్కలు, జీళ్ళు. వీటిలో జీళ్ళ తయారీ తిరునాళ్ళ వేడుకలలో ఒకటి. ముదురు పాకాన్ని కొంచెం చల్లార్చి, ముద్దగా చేసి, పాతిన గుంజకు ఉన్న కొక్కేనికి తగిలించి రెండు చేతులా సాగదీస్తారు. మడిచి మళ్ళీ సాగదీస్తారు. గాలి చేరేకొద్దీ నల్లటి బెల్లం బంగారు రంగుకు, తరువాత తెల్లదనానికి తిరుగుతుంది. అప్పుడు తాడులా లాగి, ముక్కలు చేసి, నువ్వులు అద్దుతారు. ఈ పని అంతా కొనేవారి కళ్ళముందే జరుగుతుంది. తయారీని దాచని సరుకు కాబట్టి అనుమానానికి తావుండదు. పిల్లలకు అదొక ఆట, అంగడికి అదే ప్రకటన.

మూడవ తరగతి నూనెలో వేగినవి. గారెలు, బజ్జీలు, పునుగులు, జంతికలు, చేగోడీలు, జిలేబీలు. నాలుగవ తరగతి వంట అవసరం లేనివి. చెరకుగడలు, కొబ్బరికాయలు, అరటిపళ్ళు, ఖర్జూరం. ఈ నాలుగు తరగతులలో ఎక్కడా అన్నం లేదు, పప్పు లేదు, పులుసు లేదు. జనం రుచి మాత్రమే ఈ జాబితాను నిర్ణయించి ఉంటే అన్నమంటే ప్రాణమిచ్చే తెలుగువారి తిరునాళ్ళలో అన్నం అంగళ్ళు ఎప్పుడో వెలిసి ఉండేవి. నిలువ, రవాణా సౌకర్యం వంటి కారణాలు కూడ ఉన్నాయనడంలో సందేహం లేదు. కాని పులిహోర రోజంతా నిలువ ఉండే అన్నమే, ప్రయాణానికి మూట కట్టుకొనేదే. అది గుడిలో ప్రసాదంగా చేతిలో పడింది గాని అంగట్లో ప్రధాన సరుకు కాలేదు. దీన్నిబట్టి నిలువగుణం ఒక్కటే కారణం కాదని చెప్పవచ్చు.

5. కొత్త పంటలు - కొత్త సరుకులు:

తిరునాళ్ళ తిండి అనాదిగా ఒకేలా ఉందనుకోవడం పొరపాటు. ఇప్పుడు తెలుగువారి వీధి తిండికి గుర్తుగా నిలిచిన మిరపకాయ బజ్జీ క్రీడాభిరామం నాటికి ఉండే అవకాశమే లేదు. మిరప అమెరికా ఖండాల నుండి పోర్చుగీసుల ద్వారా 16వ శతాబ్దంలో భారతదేశానికి వచ్చింది. అంతకుముందు కారానికి మిరియమే ఆధారం. కొత్త కాయకు పాత మిరియం పేరే అతికించి 'మిరపకాయ' అన్నారు. వేరుశనగ, మొక్కజొన్న, బంగాళదుంప కూడ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. తిరునాళ్ళలో కాల్చిన మొక్కజొన్న పొత్తు, వేయించిన వేరుశనగ పొట్లం, బంగాళదుంప బజ్జీ అన్నీ గత మూడు నాలుగు శతాబ్దాల చేర్పులు.

నూనె విషయమూ అంతే. 'నూనె' అన్న మాటలో నువ్వు, నెయ్యి అన్న రెండు మాటలున్నాయి. నువ్వుల నుండి తీసిన నెయ్యే నూనె. 19వ శతాబ్దం చివర ఎగుమతి పంటగా మద్రాసు రాజధానిలో వేరుశనగ విస్తరించింది. రాయలసీమ మెట్టభూములు దానికి ప్రధాన క్షేత్రాలయ్యాయి. వేరుశనగ నూనె మర పట్టి విరివిగా దొరికిన తరువాత రోజంతా నూనెమూకుడు పొయ్యిమీద ఉంచగల అంగళ్ళు పెరిగాయి. 20వ శతాబ్దం చివరి దశాబ్దాలలో దిగుమతి పామాయిల్ ఆ స్థానంలోకి వచ్చింది. బజ్జీ బండి వెనుక ఇంత దూరపు వాణిజ్యం ఉంది.

జిలేబి, హల్వా అన్న పేర్లు పారశీక అరబ్బీ సంపర్కాన్ని చెబుతాయి. గోలీసోడాకు వాడే సీసాకు ఇంగ్లండులో హైరం కాడ్ 1872లో పేటెంటు పొందాడు. పీచుమిఠాయి యంత్రం 19వ శతాబ్దం చివర అమెరికాలో పుట్టింది. వచ్చినవాటన్నిటినీ తిరునాళ్ళు అరమరికలేకుండా స్వీకరించింది. అవన్నీ పొట్లంలోకో, పుల్లకో, సీసాలోకో ఒదిగేవి కావడం ఇక్కడ గమనించదగిన విషయం. పదార్థం కొత్తదైనా పర్వాలేదు గాని పద్ధతి మాత్రం పాతదే కావాలి.

6. సత్రం - పూటకూళ్ళమ్మ:

ఏనుగుల వీరాస్వామి 1830-31లో మద్రాసు నుండి కాశీకి వెళ్ళి వచ్చిన అనుభవాలు 'కాశీయాత్ర చరిత్ర'గా 1838లో అచ్చయ్యాయి. ప్రతి మజిలీలో ఊరు ఎంతటిది, అంగళ్ళున్నాయా, కావలసిన పదార్థాలు దొరుకుతాయా, దిగడానికి సత్రముందా అన్న వివరాలను ఆయన శ్రద్ధగా రాశాడు. ఆనాటి గౌరవనీయ యాత్రికునికి అంగడి అంటే బియ్యం, పప్పు, నెయ్యి కొనుక్కొనే చోటు. వంట మాత్రం తనవారి చేతనే జరగాలి. వండిన అన్నం కావాలంటే తనవారి ఇల్లో, సత్రమో చూసుకోవాలి.

ఆ శతాబ్దంలోనే గోదావరి లంకల మధ్య గన్నవరంలో డొక్కా సీతమ్మ (1841-1909) వేళాపాళా చూడకుండా వచ్చినవారికి అన్నం పెట్టింది. అపర అన్నపూర్ణగా ఆమె పేరు నేటికీ ఇంటింటా వినిపిస్తుంది. ఆ కీర్తికి ఆమె సర్వవిధాలా అర్హురాలు. అయితే అదే కాలంలో తెలుగు పట్టణాలలో మరెందరో స్త్రీలు ప్రతిరోజూ పొరుగువారికి వండిపెట్టారు. పైకం తీసుకొన్నారు కాబట్టి వారు చరిత్రకెక్కలేదు.

గురజాడ అప్పారావు కన్యాశుల్కంలో ఆ స్త్రీ కనిపిస్తుంది. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో సమూలంగా మార్పు చెందిన ఆ నాటకంలో విజయనగరపు పూటకూళ్ళమ్మ ఒక వితంతువు. నాటకంలో ఆమెకు సొంత పేరు లేదు, వృత్తే ఆమె పేరు. సంతలో సామాను కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకొని గిరీశం వేశ్యకు ఖర్చుపెడతాడు. ఈ చిన్న వివరం సామాజిక చరిత్రకు విలువైనది. సరుకులు ఒక్కసారిగా కొనగల పెట్టుబడి ఆమెకుందని, సంతకు తాను వెళ్ళక మగవాని మీద ఆధారపడుతున్నదని, ఆ డబ్బు పోతే అడగడానికి చీపురు తప్ప వేరే సాధనం లేదని దానివల్ల తెలుస్తున్నది. ప్రేక్షకులు ఆమెను చూసి నవ్వుతారు. మోసపోయింది ఆమె కష్టార్జితమన్న సంగతి ఆ నవ్వులో మరుగున పడుతుంది.

వితంతువులు ఈ వృత్తిలోకి రావడానికి కారణాలు ఊహించడం కష్టం కాదు. పునర్వివాహం లేదు, ఆస్తిపై హక్కు అంతంతమాత్రం, చేతిలో ఉన్న విద్య వంట ఒక్కటే. పైకులాల వితంతువులకు రాత్రిపూట అన్నం నిషిద్ధం కావడంతో ఫలహారపు వంటలలో వారికి అనుభవం ఎక్కువ. సమాజం శిక్షగా విధించిన నియమమే కొందరికి బతుకుతెరువుగా ఉపయోగపడి ఉండవచ్చు.

7. పంక్తి - గ్లాసు:

అన్నాన్ని అమ్మి, కులభేదం లేకుండా తినే చోటు ఒకటి తెలుగువారికి బాగా తెలుసు. పూరీ జగన్నాథాలయంలోని ఆనందబజారులో మహాప్రసాదాన్ని కొని అన్ని కులాలవారు కలిసి తింటారు. 'సర్వం జగన్నాథం' అన్న తెలుగు నానుడి అక్కడి నుండి వచ్చింది. అయితే ఆ నానుడిని వాడే తీరులో కొంత వెటకారం ఉంది. ఎంగిలి, మైల పాటించకుండా అంతా కలిపేశారన్న ఆక్షేపణ అందులో వినిపిస్తుంది. దేవుని దగ్గర సాధ్యమైనది ఊళ్ళో సాధ్యం కాదని ఆ మాట ఒప్పుకొంటుంది.

తిరునాళ్ళ పొట్లం ఈ సమస్యను పరిష్కరించలేదు, పక్కకు తప్పించింది. పొట్లం అందరికీ దొరికింది నిజమే. కాని అమ్మేవారు ఎవరన్న ప్రశ్న మిగిలే ఉంది. పైకులాలవారు కొనని చేతులున్నాయి. బొరుగులు, పండ్లు అమ్మగలిగినవారందరూ గారెలు అమ్మలేకపోయారు. దళిత స్త్రీ వండిన పదార్థానికి ఊరి తిరునాళ్ళలో కొనుగోలుదారులు తన వాడవారే.

టీ వచ్చిన తరువాత ఈ దాపరికం బయటపడింది. టీ పొట్లంలో ఒదగదు, దానికి పాత్ర కావాలి. పాత్ర అంటే ఎంగిలి, ఎంగిలి అంటే కులం. 20వ శతాబ్దంలో గ్రామాల టీ అంగళ్ళలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి ఇలా పుట్టింది. రాజ్యాంగం 15(2) అధికరణం అంగళ్ళలోను, హోటళ్ళలోను కులాన్నిబట్టి ప్రవేశం నిరాకరించరాదన్నది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 నాటి చట్టం దాన్ని శిక్షార్హం చేసింది. ఆ తరువాత కూడ గ్లాసు పద్ధతి కొనసాగింది కాబట్టే దళిత ఉద్యమాలు దానిపై ఊరూరా పోరాడవలసి వచ్చింది. ఒకసారి వాడి పారవేసే కాగితపు కప్పు వచ్చాక చాలాచోట్ల గొడవ కనపడకుండా పోయింది. పొట్లం చేసిన పనినే కప్పు చేసింది. భేదాన్ని తొలగించకుండానే అది కంటికి కనపడకుండా చేసింది.

8. ఇచ్చి పుచ్చుకొనే పండుగలు:

అమ్మకానికి సమాంతరంగా పంచుకొనే సంప్రదాయమూ తిరునాళ్ళలో బలంగా ఉంది. తెలంగాణ బోనాలలో స్త్రీలు తలపై మోసుకుపోయే బోనం 'భోజనం' అన్న మాట నుండి వచ్చింది. అది వండిన అన్నమే. నైవేద్యం పెట్టిన తరువాత ఇంటికి తెచ్చి బంధువులతో కలిసి తింటారు. అందరికీ బహిరంగంగా పంచేది మాత్రం ఫలహారపు బండి మీద ఊరేగి వస్తుంది. అన్నం ఇంటికి, ఫలహారం వీధికి అన్న విభజన ఇక్కడ కూడ కనిపిస్తుంది.

రెండేళ్ళకొకసారి మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ జాతరలో బెల్లమే బంగారం. నిలువెత్తు బంగారం మొక్కుకొన్నవారు తమ బరువుకు సరితూగే బెల్లం సమర్పించి, ప్రసాదంగా ఇంటికి తెచ్చి పంచుతారు. వంట ప్రసక్తి లేదు కాబట్టి ఎవరి చేతి బెల్లమైనా ఎవరైనా తీసుకోవచ్చు. ఆదివాసుల జాతర అన్ని కులాల జాతర కావడంలో ఈ ప్రసాదపు స్వభావం కొంత పాత్ర వహించిందని చెప్పవచ్చు.

నెల్లూరు స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రం రోజులలో జరిగే రొట్టెల పండుగ మరింత ముందుకు వెళ్ళింది. కోరిక ఉన్నవారు ఆ కోరిక తీరినవారి చేతి నుండి రొట్టె తీసుకొని తింటారు. ఉద్యోగం రొట్టె, చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె అని వాటికి పేర్లు. కోరిక తీరిన తరువాత మరుసటి ఏడు వచ్చి ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. హిందువులు, ముస్లిములు చెరువు నీళ్ళలో నిలబడి ముక్కూమొహం తెలియనివారి వంటింటి రొట్టెను తింటారు. కులమూ మతమూ అడగకుండా అవసరాన్ని మాత్రమే అడిగే ఈ పద్ధతి పొట్లానికి సాధ్యం కానిదాన్ని సాధించింది. ఎందుకంటే రొట్టె ఇచ్చినవారు ఎవరో ఎదురుగా కనిపిస్తున్నారు. తెలిసే తీసుకొంటున్నారు.

9. స్థలం - పేరు:

తిండి అంగడి ఆర్థికంలో పెద్ద ఖర్చు పిండి, నూనె మాత్రమే కావు, స్థలం కూడ. తిరునాళ్ళలోను సంతలోను అంగడి పెట్టుకోవడానికి చెల్లించే రుసుమును ఆశీలు అంటారు. దాన్ని వసూలు చేసుకొనే హక్కును పంచాయతీగాని దేవాలయంగాని వేలం వేస్తుంది. పాట పాడుకొన్న గుత్తేదారు తన పెట్టుబడిని గంపలవారి నుండి, బండ్లవారి నుండి రాబట్టుకొంటాడు. ఒకటి రెండు రోజుల వ్యాపారంలో అమ్మకం జరిగినా జరగకపోయినా ఆశీలు తప్పదు. వాన పడితే నష్టమంతా అంగడివారిదే.

2014లో పార్లమెంటు చేసిన వీధి విక్రేతల చట్టం పట్టణ విక్రయ సంఘాలలో విక్రేతల ప్రతినిధులు 40 శాతానికి తగ్గకుండా ఉండాలని, వారిలో మూడవ వంతు స్త్రీలు ఉండాలని నిర్దేశించింది. ఇది గొప్ప ముందడుగు. కాని ఆ చట్టం పురపాలక ప్రాంతాలకు పరిమితం. ఊరూరా తిరిగే తిరునాళ్ళ అంగడివారు, గ్రామ సంతల స్త్రీలు దాని పరిధిలోకి రారు.

మరొకవైపు ఊళ్ళ పేర్లకు చట్టబద్ధమైన గుర్తింపు వస్తున్నది. తిరుపతి లడ్డుకు 2009లో, హైదరాబాదు హలీముకు 2010లో, బందరు లడ్డుకు 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోర్లించిన కుండను కాల్చి, పలుచని బియ్యపు పాలలో తడిపిన గుడ్డను దానిపై ఒక్కసారి లాగి, క్షణాలలో రేకు తీసే పని ఆత్రేయపురంలో స్త్రీలది. పొగలో, వేడిలో గంటల తరబడి కూర్చుని చేసే పని అది. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది. రేకు తీసిన చేయి ఎవరిదో డబ్బామీద ఉండదు. కన్యాశుల్కంలోని పూటకూళ్ళమ్మకు లేనట్లే ఆమెకూ పేరు లేదు.

10. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు తేలుతున్నాయి. వండిన అన్నాన్ని అమ్మడంపై ఉన్న పట్టింపు వల్ల అమ్మకపు తిండి విస్తరి, పొట్లం అని రెండుగా చీలింది. తిరునాళ్ళ అంగడి పొట్లాన్ని ఎంచుకొని, పేలినవి, పాకంతో కట్టినవి, నూనెలో వేగినవి, పండ్లు అనే నాలుగు తరగతులలో స్థిరపడింది. మిరప, వేరుశనగ వంటి కొత్త పంటలను స్వీకరించినా ఈ చట్రాన్ని అది దాటలేదు. కులాలు కలిసే చోట అందరికీ తిండి అందించగలగడం పొట్లం సాధించిన మేలు. ఆ కలయికను సహపంక్తి దాకా తీసుకువెళ్ళలేకపోవడం దాని పరిమితి. ఆ పరిమితిని దాటిన ఉదాహరణ నెల్లూరు రొట్టెల పండుగలో ఉంది.

నేడు తెలుగు పట్టణాలలో రోడ్డు పక్కన అన్నం, పప్పు, పులుసు వడ్డించే బండ్లు సర్వసాధారణమయ్యాయి. కూలీలు, విద్యార్థులు, ఆటో నడిపేవారు పక్కపక్కన నిలబడి, వండినవారి కులం అడగకుండా ఆ అన్నం తింటున్నారు. శతాబ్దాల తరబడి అంగడికి అందని అన్నం వీధిలోకి వచ్చింది. అది నడిపేవారిలో చాలామంది స్త్రీలు. తెలుగువారి ఆహారచరిత్రలో ఇది చిన్న మార్పు కాదు. అన్నదాతల పేర్లు భద్రపరచిన చరిత్ర, కూడు అమ్మి కుటుంబాలను నిలబెట్టిన ఈ స్త్రీల పనిని కూడ నమోదు చేయవలసి ఉంది. తిరునాళ్ళ అంగళ్ళవారి మౌఖిక చరిత్రలను, పంచాయతీల, దేవాలయాల ఆశీలు దస్త్రాలను సేకరించి పరిశీలిస్తే ఆ పని మొదలవుతుంది.